సువాసన వేరు, శుద్ధి వేరు

వినోదోద్యానములలోని నీటిని గూర్చియు, పరిమళములను గూర్చియు ప్రజలు తెలిసికొనదగిన విషయములు

తెలుగువారి యిండ్లలో వివాహము జరుగునపుడు వాకిట నిలిచి, వచ్చిన బంధువులపై పన్నీరు చల్లుట ఆచారము. ఆ వాసన సోకినంతనే మనస్సు తేలికపడును. ఇది శుభ్రమైన చోటు అను నమ్మకము కలుగును. దుర్వాసన వచ్చినచో ఏదో చెడినదని ముక్కు మూసికొందురు. పప్పు పులిసినదో లేదో, పాలు విరిగినవో లేదో కనుగొనుటకు ఇల్లాలికి ముక్కును మించిన పరికరము లేదు. ఇట్లు వాసనను శుద్ధికి కొలతగా పెట్టుకొనుట మనుష్యులకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

పప్పు, పాల విషయమున ఈ కొలత చాలవరకు పనిచేయును. నీటి విషయమున పనిచేయదు. కలరా క్రిములున్న నీరు తేటగా, ఏ వాసనయు లేక ఉండవచ్చును. మందు వాసన ఘాటుగా వచ్చు నీటియందు క్రిములను చంపగల మందు చాలినంత లేకపోవచ్చును. ఈ భేదము తెలియకపోవుటచే కలుగు నష్టము, వందలకొలది జనులు ఒకే నీటిలో దిగు చోట్ల మరింత అధికమగును.

అట్టి చోట్లలో నేటి వినోదోద్యానములు ముఖ్యమైనవి. వీనినే ప్రజలు థీమ్ పార్కులనియు, వాటర్ పార్కులనియు పిలుచుచున్నారు. ముంబయి సమీపమున వాటర్ కింగ్‌డమ్ 1998లోను, కొచ్చి సమీపమున నేడు వండర్‌లా అను పేర నడచుచున్న ఉద్యానము 2000లోను, హైదరాబాదు సమీపమున అదే సంస్థ వారి ఉద్యానము 2016లోను తెరువబడినవి. వేసవి సెలవులు వచ్చినంతనే పిల్లలను వెంటబెట్టుకొని కుటుంబములు ఇట్టి చోట్లకు తరలిపోవుచుండును. అచ్చట అలల కొలనులు, జారుడుబల్లలు, పడవ విహారములు, కృత్రిమవర్షములు ఉండును. ఇట్టి చోట్ల రెండు విధములైన వాసనలు ముక్కునకు సోకును: ఒకటి నిర్వాహకులు బుద్ధిపూర్వకముగా పుట్టించునది, రెండవది నీటి మందులవలన తనంత తాను పుట్టునది. ఈ రెంటిలో ఏది దేనిని తెలుపును, ఏది దేనిని తెలుపదు అను విషయము ఈ పాఠమున వివరింపబడును.

పరిమళమును పుట్టించు యంత్రములు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1955వ సంవత్సరమున డిస్నీలాండ్ తెరువబడినది. ఒక కథను గాని, ఒక దేశమును గాని, ఒక కాలమును గాని కన్నులకు కట్టినట్లు నిర్మించి, జనులను దానిలోనికి తీసికొనిపోవుట ఇట్టి ఉద్యానముల పద్ధతి. కన్నులకు, చెవులకు విందు చేసిన పిమ్మట నిర్మాతల దృష్టి ముక్కుపై పడినది. ఫ్లోరిడా రాష్ట్రమున 1982లో తెరువబడిన ఎప్‌కాట్ అను ఉద్యానమున, మరుసటి సంవత్సరము ప్రారంభమైన ఒక ప్రదర్శనములో, ప్రేక్షకుల బండి నారింజతోట బొమ్మ ప్రక్కగా పోవునపుడు నారింజపండ్ల వాసన వీచునట్లు ఏర్పాటు చేసిరి. కాలిఫోర్నియాలో 2001లో ప్రారంభమైన ఆకాశవిహార ప్రదర్శనమునందును నారింజతోటల దృశ్యము తెరపై వచ్చినపుడు అదే వాసన వచ్చెడిది.

ఈ యంత్రముల పద్ధతి కష్టమైనది కాదు. సుగంధ తైలమునకు గాలి తగులునట్లు చేసి, ఆ గాలిని నిర్ణీత సమయమున, నిర్ణీతమైన దిక్కునకు కొద్ది క్షణములు మాత్రము వదలుదురు. మరియొక ప్రక్క గాలిని బయటికి లాగు పంకాలు ఉండును. లేనియెడల ఒక దృశ్యపు వాసన మరియొక దృశ్యములోనికి పోయి రెండును చెడును.

సువాసనలు మాత్రమేగాక దుర్వాసనలను సయితము ఇట్లు తయారుచేయుదురు. ఇంగ్లండులోని యార్క్ నగరమున 1984లో తెరువబడిన జార్విక్ అను ప్రదర్శనశాలలో, సుమారు వేయి సంవత్సరములనాటి వైకింగు జనుల పట్టణమును తిరిగి నిర్మించి చూపుచున్నారు. అచ్చట పొగవాసన, చేపలవాసన మాత్రమేగాక మరుగుదొడ్డి వాసన కూడ వచ్చును. అయినను ఆ వాసనవలన ఎవరికిని రోగము రాదు. ఏలయన అచ్చట మలము లేదు. దాని వాసనను పోలిన రసాయనము మాత్రమే గలదు.

ఈ ఉదాహరణము మొదటి పాఠమును నేర్పుచున్నది. వాసన ఒక వస్తువు, క్రిమి మరియొక వస్తువు. ఒకటి లేకుండ రెండవది ఉండగలదు. దుర్గంధమున్నచోట క్రిములు లేకపోవచ్చును. నారింజల పరిమళము వీచుచోట క్రిములుండవచ్చును. పరిమళము క్రిమిని చంపదు. దానిని మరుగుపరచుట మాత్రమే చేయును.

నీటి వాసన ఎక్కడిది?

డిస్నీలాండులో 1967వ సంవత్సరమున సముద్రపు దొంగల కథతో కూడిన పడవ విహారము ప్రారంభమైనది. చీకటిగా ఉండు కట్టడములో కాలువవెంట పడవలు పోవుచుండును. దీనిని చూచినవారు బొమ్మలను, పాటను ఎట్లు జ్ఞాపకముంచుకొందురో, అచ్చటి నీటివాసనను గూడ అట్లే జ్ఞాపకముంచుకొందురు. ఆ వాసనను అనుకరించు కొవ్వొత్తులను తయారుచేసి అమ్మువారు సయితము గలరు. ఇది నారింజవాసనవలె యంత్రముచే పుట్టింపబడినది కాదనియు, నీటిని శుద్ధిచేయుటకు వాడు బ్రోమిన్ అను రసాయనమువలన కలుగుచున్నదనియు అభిమానులు చిరకాలముగా చెప్పుకొనుచున్నారు.

నీటి క్రిములను చంపుటకు వాడు మూడు పదార్థముల పేర్లు ఇచ్చట గమనింపదగినవి. క్లోరిన్‌ను 1774లో షీలే అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. దాని పేరునకు గ్రీకుభాషలో లేత ఆకుపచ్చ అని అర్థము. బ్రోమిన్‌ను 1826లో బలార్ అను ఫ్రెంచి యువకుడు ప్రకటించెను. దాని పేరునకు దుర్గంధమని అర్థము. ఓజోన్‌కు 1840లో షోన్‌బైన్ అను పండితుడు వాసన కొట్టునది అను అర్థము వచ్చు పేరు పెట్టెను. మూడింటిలో రెంటికి వాసనయే పేరైనది. కావున నీటిని శుద్ధిచేయు మందులకు వాసన ఉండుట సహజము. ఆ వాసన ఎంత ఉన్నచో ఎంత శుద్ధి జరిగినట్లు అను ప్రశ్నకు మాత్రము సమాధానము చాలమంది అనుకొనునట్లు ఉండదు.

క్లోరిన్, బ్రోమిన్‌ల నడుమ భేదములు గలవు. ఎండ తగిలినచో రెండును నశించును. క్లోరిన్‌ను సయనూరిక్ ఆమ్లముతో కొంతవరకు కాపాడవచ్చును. ఆ ఆమ్లము హెచ్చైనచో క్లోరిన్ పని మందగించును. బ్రోమిన్‌కు ఆ విధమైన రక్షణ లభింపదు. కావున బ్రోమిన్ కప్పు క్రిందను, చీకటిలోను ఉండు నీటికి అనుకూలము. చెమట మొదలగు మాలిన్యములతో కలిసిన పిమ్మట సయితము బ్రోమిన్ క్రిములను చంపు శక్తిని చాలవరకు నిలుపుకొనును. కన్నులను తక్కువగా మండించును.

ఘాటైన వాసన దేనికి గుర్తు?

ఈతకొలను దగ్గరకు పోయినంతనే ముక్కు మండునట్టి వాసన వచ్చినచో, "ఇచ్చట మందు బాగుగా వేసియున్నారు, భయము లేదు" అని తల్లిదండ్రులు అనుకొనుట సాధారణము. ఇది పొరపాటు.

తగిన పాళ్లలో క్లోరిన్ కలిపిన శుభ్రమైన నీటికి వాసన స్వల్పముగా మాత్రమే ఉండును. అట్టి నీటిలో మనుష్యుల చెమట, మూత్రము, ఒంటిమీది నూనె, మురికి కలిసినపుడు వానిలోని నత్రజని పదార్థములతో క్లోరిన్ కూడి క్లోరమైనులు అను క్రొత్త పదార్థములుగా మారును. వీనిలో ట్రైక్లోరమైన్ అనునది నీటిలో నిలువక గాలిలోనికి లేచును. ముక్కును, కన్నులను మండించునది, దగ్గు పుట్టించునది ముఖ్యముగా ఇదియే. అనగా ప్రజలు క్లోరిన్ వాసన అని పిలుచునది, చాలవరకు మాలిన్యముతో పోరాడి అలసిపోయిన క్లోరిన్ వాసనయని గ్రహింపవలెను.

నీటిలో పనికి సిద్ధముగా ఉన్న క్లోరిన్‌ను స్వేచ్ఛా క్లోరిన్ అందురు. మాలిన్యముతో కూడిపోయినదానిని సంయుక్త క్లోరిన్ అందురు. సంయుక్త క్లోరిన్‌కు క్రిములను చంపు శక్తి చాల తక్కువ. కావున ఘాటు వాసన పుట్టినపుడు మందు తగ్గించుట సరియైన ఉపాయము కాదు. క్రొత్త నీటిని చేర్చి, గాలి బాగుగా ఆడునట్లు చేసి, జనులను నీటినుండి బయటికి పంపిన పిమ్మట క్లోరిన్‌ను హెచ్చుగా కలిపి ఆ క్లోరమైనులను విడగొట్టవలెను. అన్నింటికంటె ముందుగా నీటిలో దిగువారు శుభ్రముగా స్నానము చేసి దిగవలెను.

నీటిని శుద్ధిచేయు క్రమము

పూర్వము గ్రామములలో బురదనీటిని తేర్చుటకు కుండ లోపలి భాగమున చిల్లగింజను అరగదీసెడివారు, పటికను త్రిప్పెడివారు. దానివలన మట్టి అడుగునకు దిగి నీరు తేటయగును. అయితే తేటపడిన నీరంతయు క్రిమిరహితము కాదు. తరువాత కాచుటయో, బ్లీచింగు పొడి కలుపుటయో చేయవలెను. పెద్ద ఉద్యానములలోని నీటికి జరుగునదియు ఇదే క్రమము. పరిమాణము మాత్రమే భేదము.

మొదట జల్లెడలు ఆకులను, వెంట్రుకలను పట్టుకొనును. పిదప పంపులు నీటిని ఇసుక వడపోత తొట్టెల గుండ పంపును. సన్నని మురికి ఒకచోట చేరి ఇసుకలో నిలుచుటకై పటిక వంటి పదార్థములను కలుపుదురు. వడపోసిన నీటికి క్లోరిన్ గాని, బ్రోమిన్ గాని చేర్చుదురు. కొన్ని చోట్ల అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేయుదురు. కొన్ని చోట్ల ఓజోన్ వాడుదురు. ఈ రెండును బలమైన సాధనములే కాని, వాని శక్తి యంత్రము దాటిన పిమ్మట నీటిలో నిలువదు. కొలనులో ఒక బిడ్డనుండి మరియొక బిడ్డకు క్రిమి చేరకుండ కాపాడుటకు నీటిలోనే నిలిచియుండు క్లోరిన్ వంటి మందు తప్పనిసరి.

ఆ మందు పనిచేయుటకు నీటి ఆమ్ల క్షార స్థితి సరిగా ఉండవలెను. దీనిని పి.హెచ్. అను సంఖ్యచే కొలుతురు. పి.హెచ్. 7 ఉన్నపుడు స్వేచ్ఛా క్లోరిన్‌లో నాలుగింట మూడు పాళ్లు చురుకైన రూపమున ఉండును, 7.5 ఉన్నపుడు సుమారు సగము. 8 ఉన్నపుడు సుమారు నాలుగవ పాలు మాత్రమే. కావుననే అమెరికా దేశపు వ్యాధి నివారణ కేంద్రము వారు కొలనులందు పి.హెచ్. 7.0 నుండి 7.8 వరకును, స్వేచ్ఛా క్లోరిన్ లీటరుకు కనీసము 1 మిల్లీగ్రామును, బ్రోమిన్ వాడినచో కనీసము 3 మిల్లీగ్రాములును ఉండవలెనని సూచించిరి. సయనూరిక్ ఆమ్లము వాడినచోట క్లోరిన్ కనీసము 2 మిల్లీగ్రాములు ఉండవలెను. భారతదేశమున త్రాగునీటి కుళాయియొద్ద ఉండవలసిన శేష క్లోరిన్ లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాము. జనులు దిగు కొలనులో అంతకంటె ఎంతో ఎక్కువ అవసరమగుటకు కారణము స్పష్టము: కుళాయినీటిలో ఎవరును స్నానమాడి తిరిగి దానినే ఇతరులకు అందింపరు.

ఒక చిన్న లెక్క

ఇరువది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు గల కొలనులో 240 ఘనపు మీటర్ల నీరు, అనగా 2,40,000 లీటర్లు పట్టును. ఆ నీటిలో క్లోరిన్‌ను లీటరుకు 1 మిల్లీగ్రాము పెంచుటకు 240 గ్రాముల క్లోరిన్ కావలెను. బ్లీచింగు పొడియందు 25 శాతము క్లోరిన్ ఉన్నయెడల 960 గ్రాముల పొడి అవసరము. మూత తీసియుంచిన పొడి, తేమ తగిలిన పొడి శక్తిని కోల్పోవును. అప్పుడు అదే తూకము చాలదు. కావున "ఇన్ని గిన్నెలు వేసితిమి" అను మాట ప్రమాణము కాదు. వేసిన పిమ్మట నీటిని పరీక్షించి చూచిన అంకెయే ప్రమాణము.

పరీక్ష సులభము. డి.పి.డి. అను బిళ్ల వేసినచో క్లోరిన్ ఉన్న నీరు గులాబిరంగు పొందును. రంగు ఎంత చిక్కనైనచో క్లోరిన్ అంత ఎక్కువ. మొదటి బిళ్లతో స్వేచ్ఛా క్లోరిన్‌ను, రెండవ బిళ్లతో మొత్తము క్లోరిన్‌ను కొలువవచ్చును. ఉదాహరణకు మొత్తము 2.0, స్వేచ్ఛా క్లోరిన్ 1.2 అయినచో, తేడా 0.8 సంయుక్త క్లోరిన్ అగును. ఇది 0.4 మిల్లీగ్రామునకు మించియున్నందున ఆ కొలనునకు వెంటనే చికిత్స కావలెను. మొత్తమును మాత్రమే కొలిచి "రెండు ఉన్నది, చాలును" అని తృప్తిపడువాడు మోసపోవును.

వాసన లేని అపాయములు

ఇంతవరకు చెప్పినదానికి ఆధారములు ఇటీవలి చరిత్రలో దుఃఖకరమైన రీతిలో దొరకుచున్నవి.

అమెరికాలో జార్జియా రాష్ట్రమున 1998వ సంవత్సరము వేసవిలో ఒక నీటి ఉద్యానమునందలి చిన్నపిల్లల కొలనునుండి ఈ. కోలి అను క్రిమి వ్యాపించెను. ఆ కొలనులో క్లోరిన్ తగినంత లేకుండెను. 26 మందికి ఆ వ్యాధి సోకినట్లు పరీక్షలలో తేలెను. కొందరికి మూత్రపిండములు దెబ్బతినెను. ఒక బిడ్డ మరణించెను. ఈ. కోలి లొంగని శత్రువు కాదు. లీటరుకు 1 మిల్లీగ్రాము స్వేచ్ఛా క్లోరిన్ ఉన్న నీటిలో అది ఒక నిమిషము లోపుననే నశించును. లోపించినది ఆ ఒక్క మిల్లీగ్రాము.

ఇందుకు భిన్నమైనది క్రిప్టోస్పోరిడియమ్ అను పరాన్నజీవి. దీనికి గట్టి పెంకు ఉండుటచే అంతే క్లోరిన్ గల నీటిలో పది దినములకు పైగా బ్రతుకగలదు. న్యూయార్క్ రాష్ట్రములోని ఒక ఉద్యానమున 2005లో పిల్లలు ఆడుకొను నీటిజల్లుల ద్వారా ఇది వ్యాపించి వేలాదిమందికి విరేచనములు పట్టుకొనెను. జల్లులుగా పడిన నీరే తొట్టెలోనికి చేరి మరల పైకి పోవుచుండెను. దాని పిమ్మట అట్టి చోట్ల అతినీలలోహిత కిరణములు వాడవలెనని ఆ రాష్ట్రమువారు నియమము చేసిరి. విరేచనములున్న ఒక్క బిడ్డ నీటిలో దిగినను ఎంత హాని కలుగునో దీనివలన తెలియును.

మూడవది నెగ్లేరియా అను అమీబా. వెచ్చని మంచినీటిలో ఇది పెరుగును. త్రాగినచో హాని చేయదు. ముక్కులోనికి నీరు ఎగసిపోయినచో మెదడునకు చేరి ప్రాణము తీయును. ఈ వ్యాధి అరుదైనది కాని, సోకినవారిలో బ్రతికినవారు మిక్కిలి కొద్దిమంది. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రమున 2016లో కృత్రిమముగా నిర్మించిన ఒక వేగప్రవాహములో పడవ నడిపిన 18 ఏండ్ల యువతి దీనివలన మరణించెను. అచ్చట కిరణములును, అప్పుడప్పుడు క్లోరినును వాడుచుండిరి. నీటిలోని మురికి వాని శక్తిని హరించెను. కేరళ రాష్ట్రమున 2024, 2025 సంవత్సరములలో అమీబావలన కలుగు మెదడువాపు వ్యాధి అనేకులకు సోకినది. కావున ఇది దూరదేశపు కథ అని ఉపేక్షింపరాదు.

నాలుగవ ఉదాహరణము వాసన మాట మరింత స్పష్టముగా చెప్పును. నెదర్లాండ్స్ దేశములోని బొవెన్‌కార్స్‌పెల్ అను ఊరిలో 1999వ సంవత్సరమున గొప్ప పుష్పప్రదర్శనము జరిగెను. అదే ప్రాంగణమున అమ్మకపు ప్రదర్శనకై ఉంచిన వేడినీటి తొట్టె ఒకటి నురుగులు గ్రక్కుచుండెను. దానిలో లీజియోనెల్లా అను క్రిమి పెరిగి, కంటికి కానరాని తుంపరలతో గాలిలో కలిసెను. ఆ నీటిని త్రాగని వారికి, దానిలో దిగని వారికి, కేవలము ప్రక్కగా నడచిపోయిన వారికి తీవ్రమైన న్యుమోనియా సోకెను. 150 మందికి పైగా వ్యాధిగ్రస్తులైరి; 20 మందికి పైగా మరణించిరి. పూలను చూడవచ్చినవారికి ఏ దుర్వాసనయు హెచ్చరిక చేయలేదు.

తుంపరలు, ధూపములు, ఊపిరి

లీజియోనెల్లా క్రిమి 25 నుండి 45 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనము గల నిలువనీటిలో బాగుగా పెరుగును. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల వేసవిలో మిద్దెపై నున్న తొట్టెలోని నీరు ఈ వెచ్చదనమునకు సులభముగా చేరును. కావున తుంపరలు చిమ్ము పంకాలు, అలంకారపు నీటిజల్లులు, కృత్రిమపు మంచు సృష్టించు యంత్రములు ఎచ్చట ఉన్నను, వానికి వాడు నీరు శుద్ధమైనదై ఉండవలెను. ఆ తొట్టెలను తరచుగా ఖాళీచేసి కడుగవలెను. ఆ నీటిలో అత్తరు గాని, పన్నీరు గాని కలిపినందువలన శుద్ధి జరుగదు. పైగా సుగంధ ద్రవ్యములు మందును తినివేయును. వాసన బాగున్నదను ధైర్యముతో జనులు దగ్గరకు పోయి మరింత పీల్చుదురు.

ఉబ్బసము గలవారికి పరిమళములే ఒక బాధ కావచ్చును. ఘాటైన సెంట్లు, ధూపము, కృత్రిమపు పొగ, మూసిన గదిలోని క్లోరమైనులు వారికి ఆయాసము తెప్పించగలవు. అట్టివారు పీల్చు మందును వెంట ఉంచుకొనవలెను. ఆయాసము మొదలైనచో వెంటనే బయటి గాలిలోనికి రావలెను.

పోవువారు చేయవలసినవి

1. నీటిలో దిగుటకు ముందు సబ్బుతో స్నానము చేయవలెను. ఒంటికి, తలకు నూనె రాసికొని దిగరాదు.

2. విరేచనములున్నవారు దిగరాదు. క్రిప్టోస్పోరిడియమ్‌వలన కలిగిన విరేచనములైనచో, అవి తగ్గిన పిమ్మట రెండు వారములు గడచువరకు దిగరాదు.

3. పిల్లలను గంటకొకసారి మరుగుదొడ్డికి తీసికొనిపోవలెను. నీటిలో మూత్రము చేయుట తప్పని వారికి ఓర్పుతో నేర్పవలెను.

4. కొలనునీటిని, జల్లునీటిని పుక్కిలింపరాదు, మ్రింగరాదు. తినుటకు ముందు చేతులు కడుగుకొనవలెను.

5. నీటిలోనికి దూకునపుడు ముక్కు మూసికొనవలెను, లేదా ముక్కు క్లిప్పు పెట్టుకొనవలెను. వెచ్చని నిలువనీటిలో తల ముంచరాదు.

6. కొలను అడుగు స్పష్టముగా కనబడనిచో దిగరాదు. అడుగు కనబడినంత మాత్రమున శుద్ధమని నమ్మరాదు.

7. క్లోరిన్, పి.హెచ్. పరీక్షల ఫలితములను చూపుమని అడుగుటకు సంకోచింపరాదు. టిక్కెట్టు కొన్నవారికి ఆ హక్కు గలదు.

8. తిరిగివచ్చిన రెండు వారములలోపల తీవ్రమైన తలనొప్పి, జ్వరము, వాంతులు, మెడ బిగియుట గాని, దగ్గుతో ఆయాసము గాని, రక్తవిరేచనములు గాని కలిగినచో ఆలస్యము చేయక వైద్యునియొద్దకు పోవలెను. ఏ నీటిలో, ఏ దినమున దిగినదియు వైద్యునికి తప్పక చెప్పవలెను. ఆ ఒక్క మాట రోగనిర్ణయమునకు మార్గము చూపగలదు.

నిర్వాహకులు చేయవలసినవి

జనులున్నంతసేపును నీటిని పలుమార్లు పరీక్షించి, అంకెలను అందరికి కనబడునట్లు పలకపై వ్రాయవలెను. పిల్లల చిన్న కొలనులను మరింత తరచుగా పరీక్షింపవలెను. తక్కువ నీరు, ఎక్కువ పిల్లలు, ఎక్కువ ఎండ గలచోట క్లోరిన్ త్వరగా నశించును. నీటిలో మలము కనబడినచో అందరిని బయటికి రప్పించి, తగిన చికిత్స జరుగువరకు ఎవరిని దిగనీయరాదు. క్లోరిన్ మందును, ఆమ్లమును ఒకేచోట నిలువచేయరాదు. ఒకే పాత్రతో కొలువరాదు. రెండును కలిసినచో ప్రాణాపాయకరమైన క్లోరిన్ వాయువు వెలువడును. స్నానపు గదులను, మరుగుదొడ్లను శుభ్రముగా, చాలినన్ని ఉంచుట కూడ నీటిశుద్ధిలో భాగమే. స్నానము చేయుటకు చోటులేని ఉద్యానమున స్నానము చేసి దిగుడని పలక వ్రాసి ప్రయోజనము లేదు.

జ్ఞాపకముంచుకొనవలసిన మాటలు

వినోదమును, విహారమును మానవలెనని ఈ పాఠము తాత్పర్యము కాదు. వేసవిలో నీటియాటకు మించిన సంతోషము పిల్లలకు లేదు. సరిగా నిర్వహింపబడిన నీటిలో ఆ సంతోషమునకు అపాయము మిక్కిలి తక్కువ. నారింజల వాసన కథను రక్తికట్టించుటకు ఉపయోగపడును. దానిని అందుకే ఆస్వాదింపవలెను. నీటి ఘాటువాసన మాలిన్యము పెరిగినదనుటకు ఒక హెచ్చరిక. వాసన లేకపోవుట శుద్ధికి సాక్ష్యము కాదు. శుద్ధికి సాక్ష్యము పరీక్ష ఒక్కటే. ముక్కు చెప్పినది విని సంతోషింపవచ్చును గాని, బిడ్డను నీటిలో దింపుటకు ముందు పలకపై వ్రాసిన అంకెను చూడవలెను.